గోడవారగా ఒక టేబుల్ అడిగాం

2025 జులై 26, శనివారం సాయంత్రం ఆరున్నరకు నలుగురికి టేబుల్ కావాలని నేను ఆ రెస్టారెంటుకు ఫోన్ చేసింది నాలుగు రోజుల ముందు, మంగళవారం నాడు. కార్గిల్ విజయ్ దివస్ సందర్భంగా మాజీ సైనికుల బిల్లుపై 26 శాతం తగ్గిస్తామని, గుర్తింపు కార్డు చూపితే చాలునని వారు సికింద్రాబాద్ కంటోన్మెంట్ దారుల పొడవునా ఫ్లెక్సీలు కట్టారు. ఆ ఫ్లెక్సీని మొదట చూసి, ఫోటో తీసి నాకు పంపినది మా నాన్నగారే. ముప్పై ఏళ్లకు పైగా పెళ్లిళ్లకు సైతం వెనక గుమ్మం నుంచి వెళ్లి, అక్షింతలు వేసి, భోజనానికి ఆగకుండా వచ్చేసే మనిషి తనంతట తాను హోటలుకు వెళదామనడం మా ఇంట్లో చిన్న విషయం కాదు. అందువల్ల ఈ సమీక్షలో బిర్యానీ గురించి కన్నా కుర్చీ గురించి, చప్పుడు గురించి ఎక్కువ రాయవలసి వస్తున్నది. రెస్టారెంటు పేరు రాయడం లేదు. యజమానికి చెప్పవలసినది విడిగా ఉత్తరంలో చెప్పాను.

నాతో వచ్చినవారు ముగ్గురు. నాన్నగారిది పశ్చిమ గోదావరి జిల్లా. ఇంటింటా సైనికుడున్న ఊరని పేరుపడి మిలిటరీ మాధవరం అనిపించుకున్న గ్రామానికి దగ్గరి పల్లె. పదాతిదళంలో హవల్దారుగా పదవీవిరమణ చేశారు. 1987లో శ్రీలంకకు వెళ్లిన భారత శాంతి పరిరక్షక దళంలో ఆయన ఉన్నారు. ఆ ఏడు అక్టోబరులో జాఫ్నా కోసం జరిగిన పోరాటంలో తనతో ఒకే డేరాలో పడుకున్నవారిని కొందరిని పోగొట్టుకున్నారు. 1990 మార్చిలో దళం పూర్తిగా తిరిగివచ్చేసరికి చనిపోయిన మన సైనికులు దాదాపు 1,200 మంది. జాఫ్నా నిండా తాటిచెట్లే, మా ఊరి నిండా తాటిచెట్లే. గాలికి తాటాకు గలగలమంటే ఆయన నడక ఆగిపోయేది. వేసవిలో ఇంటికి ముంజలు తెస్తే లేచి పెరట్లోకి వెళ్లిపోయేవారు. ఆయన ఒంటికి ముంజలు పడవని మేము చిన్నప్పుడు అనుకునేవాళ్లం.

రెండోవారిని నేను సుబేదారు బాబాయి అంటాను. 1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్ వైపు బోఫోర్స్ ఫిరంగి దగ్గర పనిచేశారు. ఆయనకు ఎడమ చెవి వినబడదు. ఒక్క చెవితో వినే మనిషికి చప్పుడు తెలుస్తుంది గాని అది ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలియదు, ఎందుకంటే రెండు చెవులకు చేరే శబ్దంలోని తేడాను బట్టే మెదడు దిక్కును లెక్కకడుతుంది. ఆయన జనంలో కూర్చోలేకపోవడానికి సగం కారణం అదేనని వైద్యులు చెప్పేదాకా మాలో ఎవరికీ తట్టలేదు. మూడోవారు నాయక్ బాబాయి, శ్రీకాకుళం జిల్లావారు. రాష్ట్రీయ రైఫిల్స్‌తో కశ్మీరులో ఉండగా ఆయన బండికి ముందు వెళుతున్న లారీ మందుపాతర మీదికెక్కింది. ఇప్పుడు యాప్రాల్‌లో ఒక అపార్ట్‌మెంటుకు రాత్రి కాపలా ఉంటున్నారు. ఎలాగూ రాత్రిళ్లు నిద్ర పట్టదు గనుక ఆ ఉద్యోగమే నయమంటారు.

ముగ్గురికీ పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన అనుభవం తరువాత మనసులో మిగిలిపోయే గాయం, ఉందని వైద్యులు నిర్ధారించారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో షెల్ షాక్ అని పిలిచిన బాధకు దగ్గరిదైన దీన్ని 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ఈ పేరుతో తన వ్యాధుల పట్టికలో చేర్చింది. మన పల్లెల్లో దీనికి పేరేమీ లేదు. మిలిటరీ నుంచి వచ్చాక మనిషి మారిపోయాడనేవారు, లేకపోతే గాలి సోకిందని తాయెత్తు కట్టించేవారు. మా నాయనమ్మ రెండూ చేసింది. నాన్నగారు మానసిక వైద్యుడి ముందు కూర్చున్నది 2016లో, అంటే జాఫ్నా నుంచి వచ్చిన పాతికేళ్లు దాటాక. చాలామంది అనుకుంటున్నట్టు ఇది పిరికితనం కాదు, జ్ఞాపకాలను తలచుకుని కుమిలిపోవడం మాత్రమే కూడా కాదు. హఠాత్తుగా పెద్ద చప్పుడు వినబడితే, అది ఏమిటో బుద్ధి తెలుసుకునే లోపే ఒళ్లు యుద్ధానికి సిద్ధమైపోతుంది. గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది, కాళ్లు వాటంతట అవే కదులుతాయి. అది టపాకాయ అని రెండు క్షణాల తరువాత తెలిసినా, మొదలైన ఆ దడ తగ్గడానికి గంటలు, ఒక్కొక్కసారి రోజులు పడుతుంది. తలుపుకు వీపు పెట్టి కూర్చోలేకపోవడం, గదిలోకి వెళ్లగానే బయటికి దారులెన్నో లెక్కపెట్టుకోవడం, గోడ దొరికితే దానికి ఆనుకోవడం, ఇవన్నీ అందులో భాగమే.

ఈ విందు వెనుక ఏడెనిమిది నెలల కష్టం ఉంది. తప్పించుకు తిరుగుతున్న చోట్లకు తేలికైన వాటితో మొదలుపెట్టి, తెలిసినవారి తోడుతో, కొంచెం కొంచెంగా అలవాటు పడడం ఈ జబ్బు చికిత్సలో ఒక పద్ధతి. భయపెట్టే చోట్లను తక్కువ నుంచి ఎక్కువకు మెట్లుగా ఒక కాగితంపై రాసుకుంటారు. ముగ్గురూ కలిసి రాసుకున్న కాగితంలో మొదటి మెట్టు తెల్లవారుజామున రైతు బజారు, రెండోది మధ్యాహ్నం పూట ఖాళీగా ఉండే ఇరానీ హోటల్లో ఒక చాయ్, ఆ తరువాత ఆదివారం బస్సు ప్రయాణం. రెస్టారెంటులో కూర్చుని భోజనం చేయడం పైనుంచి రెండో మెట్టు. దాని పైన ఉన్నది దీపావళి రాత్రి. విజయ్ దివస్ నాడే వెళ్లాలా అని నేను సందేహించిన మాట నిజం. అయితే ఆ రోజు పేరే వారిని ఆకర్షించింది. పల్టన్‌లో జవాన్లు, అధికారులు హోదా చూసుకోకుండా కలిసి తినే బడా ఖానా గురించి మాట్లాడుకుంటూ ముగ్గురూ వారమంతా హుషారుగా ఉన్నారు. వెళ్లకుండా ఆపవలసిందా అని ఇప్పటికీ అనుకుంటాను.

కాబట్టి ఫోన్‌లో నేను అన్నీ విడమరచి చెప్పాను. వచ్చేవారు ముగ్గురు మాజీ సైనికులని, హఠాత్తుగా వచ్చే పెద్ద చప్పుళ్లను వారు తట్టుకోలేరని, గోడకు ఆనుకుని గుమ్మం కనిపించేలా ఉండే టేబుల్ కావాలని, స్పీకరుకు దూరంగా ఉండాలని అడిగాను. ఆ రోజు ప్రత్యేక కార్యక్రమం ఏదైనా ఉందా అని కూడా అడిగాను. రాత్రి తొమ్మిదింటికి చిన్న సెల్యూట్ కార్యక్రమం ఉంటుందని, దానికి ముందే మీ భోజనం అయిపోతుందని అవతలి అమ్మాయి మర్యాదగా జవాబిచ్చింది. ఎనిమిదింటికల్లా లేచిపోతామన్నాను. అవే మాటలు వాట్సాప్‌లో కూడా పంపాను. రెండు నీలం గీతలు వచ్చాయి, వాటి కింద చేతులు జోడించిన బొమ్మ వచ్చింది.

చేరుకునేసరికి ఆరూ ఇరవై. గుమ్మంలో ఇసుక బస్తాలు పేర్చి ఉన్నాయి, పైకప్పుకు ఆకుపచ్చ మచ్చల వల కట్టి ఉంది, బోర్లించిన హెల్మెట్లలో దీపాలు వెలుగుతున్నాయి, వెయిటర్లందరూ ఆలివ్ రంగు చొక్కాల్లో ఉన్నారు. మన వైపు వెనకటి రోజుల్లో మిలిటరీ హోటలంటే మాంసాహారం దొరికే హోటలని మాత్రమే అర్థం. నాలుగు చెక్క బల్లలు, ఒక సత్తు గ్లాసు, వేడి వేడి మాంసం కూర, అంతకు మించి అక్కడ సైన్యం ఏదీ ఉండేది కాదు. ఇక్కడ సైన్యమే ఎక్కువగా ఉంది. సుబేదారు బాబాయి ఇసుక బస్తాలను చేత్తో తట్టి చూసి, లోపల థర్మకోల్ నింపారని నవ్వారు. అంతవరకు బాగానే ఉంది.

మాకు కేటాయించిన టేబుల్ హాలుకు సరిగ్గా నడిమధ్యన ఉంది. నెత్తిమీద స్పీకరు, వెనక వంటగదిలోకి పోయే తలుపు. వెయిటరు పళ్లెం పట్టుకుని కాలితో తన్నినప్పుడల్లా ఆ తలుపు దభీమని కొట్టుకుంటున్నది. గోడవారగా నాలుగు సోఫా టేబుళ్లు ఉన్నాయి, వాటిలో రెండు ఖాళీ. నేను వాట్సాప్ సందేశం చూపించి అడిగితే, అవి ఆరుగురికి తక్కువైతే ఇవ్వరని మేనేజరు చెప్పారు. ఆరుగురి కనీస బిల్లు కడతామన్నాను. రిజర్వ్ అయి ఉన్నాయన్నారు. సందేశం తనకు అందలేదని, ఫోన్ బుకింగులు చూసేవారు వేరే ఊళ్లో కూర్చుంటారని, తన దగ్గరికి పేరు, సమయం, సంఖ్య మాత్రమే వస్తాయని కూడా చెప్పారు. ఈ చివరి మాట ఆయన తప్పించుకోవడానికి అన్నది కాదనీ, నిజమేననీ నాకు తరువాత తెలిసింది. మేము అక్కడున్నంతసేపూ ఆ రెండు టేబుళ్లలో ఎవరూ కూర్చోలేదు.

నాన్నగారు వెళ్లిపోదామనలేదు. వచ్చాం గదా, చూద్దాం అన్నారు. కుర్చీలను మేమే జరుపుకుని, ముగ్గురూ ఒకే వైపు, గుమ్మానికి ఎదురుగా, పాఠశాలలో బెంచీ మీద కూర్చున్నట్టు వరసగా కూర్చున్నారు. ఎదురుగా నేనొక్కదాన్ని. పక్క టేబుల్ వారు మమ్మల్ని పెళ్లిచూపులకు వచ్చినవారనుకున్నా ఆశ్చర్యం లేదు.

మెనూ కార్డు గురించి ఒక మాట చెప్పాలి. బంకర్ బిర్యానీ అన్న పేరును నవ్వి వదిలేయవచ్చు. గ్రెనేడ్ చికెన్ అంటే ఏమిటో ఊహించుకోవచ్చు. చికెన్ లాలీపాప్‌కు వారు పెట్టిన పేరు ల్యాండ్‌మైన్ లాలీపాప్. నాయక్ బాబాయి కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క పేరు మీద వేలు ఉంచి చదువుతూ వచ్చి, అక్కడ ఆగి, కార్డును బోర్లా పెట్టి, నువ్వే ఏదో ఒకటి చెప్పమ్మా అన్నారు. ఆ పేరు పెట్టిన మనిషికి చెడ్డ ఉద్దేశం లేకపోవచ్చు. మందుపాతర పేలుడును చూసినవాడు ఎవడైనా ఎప్పుడైనా తమ హోటలుకు వస్తాడన్న ఆలోచన ఆ మనిషికి రాలేదు. ఆశ్చర్యమేమిటంటే ఆ హోటలు గిరాకీ కోసం చూస్తున్నదే వారిని.

వంట బాగుంది. అది దాచవలసిన అవసరం లేదు. మటన్ బిర్యానీలో ముక్క వేలితో నొక్కితే విడిపోయేంత మెత్తగా ఉడికింది, అన్నం పలుకు విరగకుండా ఉంది, నూనె అడుక్కి దిగలేదు. నాటుకోడి పులుసులో మసాలా కన్నా మిరియం ముందు తగిలింది. రాగి సంకటి ముద్ద గడ్డ కట్టకుండా, వేడి పోకుండా వచ్చింది. అపోలో ఫిష్ మాత్రం సాస్‌లో నాని మెత్తబడిపోయింది, కరివేపాకు తప్ప కరకరలాడినదేదీ అందులో లేదు. మజ్జిగలో అల్లం బాగా దంచి వేశారు. ఏడు గంటలకు నాన్నగారు రెండోసారి పులుసు వడ్డించమన్నారు. ఆయన బయట ఎక్కడైనా మారు వడ్డించుకోవడం నేను చూడడం అదే మొదటిసారి. సుబేదారు బాబాయి తమ లంగర్‌లో, అంటే పల్టన్ వంటశాలలో, పప్పు ఎంత పలుచగా ఉండేదో చెబుతున్నారు. ఇంకొక ముప్పావుగంట అలాగే గడిచి ఉంటే ఈ సమీక్షకు నాలుగు నక్షత్రాలు ఇచ్చి, సీటు గురించి ఒక్క వాక్యం రాసి ఊరుకునేదాన్ని.

ఏడూ పదికి హాలులో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ముందుగా ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. వైమానిక దాడుల హెచ్చరికలో మోగే తరహా సైరను, మా నెత్తిమీది స్పీకరులోంచే మొదలైంది. దాని మీద తుపాకుల మోత, దాని మీద ఒక పేలుడు. రికార్డు చేసినవే, కానీ గ్లాసులు కదిలేంత పెద్దగా పెట్టారు. ఎర్ర దీపం ఒకటి తిరగడం మొదలుపెట్టింది. నాకు తెలిసేలోపే నా భుజం మీద నాన్నగారి చెయ్యి పడింది. నన్ను కుర్చీలోంచి లాగి, పక్కనున్న స్తంభం వెనక్కి తోసి, తాను నాకు అడ్డంగా కూర్చున్నారు. ఆయన వయసు అరవై ఎనిమిది. మోకాళ్ల నొప్పితో మెట్లెక్కలేని మనిషి. తల వంచు, తల వంచు అని ఆయన నాతో అన్నది హిందీలో. ఇంట్లో ఆయన నాతో ఏనాడూ హిందీలో మాట్లాడలేదు. సుబేదారు బాబాయి టేబుల్ అంచు రెండు చేతులతో పట్టుకుని, తల అటూ ఇటూ తిప్పుతూ ఉన్నారు, చప్పుడు ఎటు నుంచి వస్తున్నదో దొరక్క. నాయక్ బాబాయి కుర్చీ ఖాళీగా ఉంది.

అంతటితో ఆగలేదు. దీపాలు వెలగగానే నాలుగు మూలల నుంచి పార్టీ పాపర్లు పేల్చారు, మూడు రంగుల కాగితం ముక్కలు అన్నంలో పడ్డాయి. జనం చప్పట్లు కొట్టారు. నేల మీద కూర్చున్న నాన్నగారిని చూసి ఇదంతా కార్యక్రమంలో భాగమనుకున్నారో ఏమో, ఇద్దరు ముగ్గురు ఫోన్లు మా వైపు తిప్పారు. మైకు పట్టుకున్న ఒక యువకుడు మా దగ్గరికి వచ్చి, మన మధ్య నిజమైన హీరోలు ఉన్నారు, వారితో కేకు కోయిద్దాం అని ప్రకటించాడు. రీల్స్ తీసే ఒకరు ఎనిమిదింటికి వేరేచోటికి వెళ్లాలన్నందున తొమ్మిది గంటల కార్యక్రమాన్ని ముందుకు జరిపారని మేనేజరు తరువాత చెప్పారు. మైకు మా ముఖాల దగ్గర నుంచి తీసేయమని నేను అడగవలసి వచ్చింది, అదీ రెండుసార్లు.

నాయక్ బాబాయి వెనక పార్కింగులో దొరికారు. రెండు కార్ల మధ్య, ప్రహరీ గోడకు వీపు ఆనించి, మోకాళ్లు దగ్గరికి తీసుకుని కూర్చుని ఉన్నారు. నాకన్నా ముందే అక్కడికి చేరినవాడు మాకు వడ్డించిన వెయిటరు, ఇరవై రెండేళ్లుంటాయేమో. మూత తీసిన నీళ్ల సీసాను బాబాయి చేతికి అందేంత దూరంలో నేలమీద పెట్టి, తాను నాలుగడుగుల ఇవతల గొంతుకూర్చుని ఉన్నాడు. ముట్టుకోలేదు, పిలవలేదు, ఎవరినీ అటు రానివ్వలేదు. నేను వెళ్లగానే లేచి, మా మావయ్య సీఆర్‌పీఎఫ్‌లో సేసినాడమ్మా, ఆడికీ ఇలాగే అవుద్ది, మీరు మాటాడకండి, ఆరే లేస్తారు అన్నాడు. ఊరు పలాస దగ్గరట. పావుగంట గడిచాక వాడి యాస విని బాబాయి తలెత్తి, ఏ ఊరు నాయనా అని అడిగారు. ఆ సాయంత్రం ఆ సంస్థ తరఫున మాకు అందిన సేవ అదొక్కటే, దాన్ని ఆ సంస్థ నేర్పలేదు.

మేము భోజనం పూర్తి చేయలేదు. తరువాత తెమ్మందామనుకున్న ఖుబానీ కా మీఠా చెప్పనే లేదు. బిల్లు అడిగితే ఇరవై నిమిషాలకు వచ్చింది, ఆ ఇరవై నిమిషాలూ సుబేదారు బాబాయి గుమ్మం బయట నిలబడే ఉన్నారు. తిన్నవాటి మొత్తం 2,090 రూపాయలు. దానిలో మాజీ సైనికుల తగ్గింపు 26 శాతం, అంటే 543 రూపాయల 40 పైసలు. మిగిలినదానిపై పది శాతం సర్వీస్ ఛార్జి 154 రూపాయల 66 పైసలు. ఆపైన, ప్రత్యేక కార్యక్రమం రుసుము అని తలకు 99 చొప్పున 396 రూపాయలు. అంటే కుడిచేత్తో 543 ఇచ్చి ఎడమచేత్తో 550 తీసుకున్నారు, అదీ ఆ సైరను వినిపించినందుకు. సర్వీస్ ఛార్జిని బిల్లులో దానంతట అది చేర్చకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఆ మాట చెప్పగానే మేనేజరు వాదన లేకుండా ఆ వరుస కొట్టేశారు. అడిగినవారికి మాత్రమే తీసేయడం అలవాటైన పనిలాగే కనిపించింది. కార్యక్రమం రుసుము మాత్రం కంప్యూటరులోంచి పోదన్నారు. జీఎస్టీతో కలిపి 2,040 కట్టాము. ఇలాంటి బిల్లు వచ్చినవారు వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. నేను సోమవారం చేయించాను.

ఆ రెస్టారెంటు గుమ్మం దగ్గర చక్రాల కుర్చీ కోసం ర్యాంపు ఉంది, ఏటవాలు సరిగ్గా ఉంది, పట్టుకోవడానికి కమ్మీ కూడా వేశారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మానసిక అనారోగ్యం కూడా ఉంది, కాని దానికి ర్యాంపు ఏమిటో హోటళ్లవారికి ఎవరూ చెప్పినట్టు లేదు. మాకు కావలసినది కట్టడం కాదు, ఖర్చు కాదు. దీపాలు ఆర్పడానికి అయిదు నిమిషాల ముందు, ఇక్కడ సైరను మోగబోతున్నది, ఇబ్బంది ఉన్నవారు బయటి వరండాలో కూర్చోవచ్చు అని అదే మైకులో ఒక్కసారి చెప్పి ఉంటే మేము మజ్జిగ గ్లాసులు పట్టుకుని బయటికి వెళ్లి ఉండేవాళ్లం. అలా చెబితే చంటిపిల్లల తల్లులకూ, గుండె జబ్బు ఉన్నవారికీ కూడా మేలే. మా పక్క టేబుల్లోని పసిపిల్ల ఆ రాత్రి మాకన్నా ఎక్కువసేపు ఏడ్చింది. ఫోన్‌లో రాసుకున్న నాలుగు మాటలు హాలులో టేబుళ్లు చూసేవారి చేతికి చేరి ఉంటే గోడవారగా కూర్చునేవాళ్లం. మేనేజరును, వెయిటర్లను నేను తప్పుపట్టడం లేదు. బుకింగు ఒక ఊళ్లో, వడ్డన ఒక ఊళ్లో, కార్యక్రమం సమయం రీల్స్ తీసేవారి చేతిలో ఉండేలా ఆ వ్యాపారాన్ని అమర్చినది వారు కాదు.

దీని వెల బిల్లులో కనిపించేది కాదు గనుక ఇక్కడ రాస్తున్నాను. నాన్నగారు తొమ్మిది రాత్రులు మంచం మీద పడుకోలేదు, హాలులో వీధి తలుపుకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తన కూతుర్ని నలుగురిలో నేలమీదికి తోశానన్న సిగ్గు ఆయనకు సైరను కన్నా ఎక్కువ బాధ కలిగించింది. ఎన్నిసార్లు చెప్పినా నా భుజం నొప్పి తగ్గిందా అని అడుగుతూనే ఉన్నారు. నాయక్ బాబాయి నెలకొకసారి కలుసుకునే బృందానికి రెండుసార్లు రాలేదు. మెట్ల కాగితాన్ని వైద్యులు మళ్లీ రైతు బజారు నుంచి మొదలుపెట్టించారు. ఇలాంటి రాత్రి ఎవరింట్లోనైనా గడుస్తుంటే, మాట్లాడడానికి మనిషి కావలసివస్తే, ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416 రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. మూడో రాత్రి నేను చేశాను, నా కోసం.

యజమానికి రాసిన ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగాను. బుకింగులో చెప్పిన అవసరం టేబుల్ చీటీ మీద ముద్రించే ఏర్పాటు చేస్తారా, సైరనుకు ముందు ప్రకటన చేస్తారా, మెనూలో ఆ లాలీపాప్ పేరు మారుస్తారా. నాలుగో రోజు జవాబు వచ్చింది. మీ మనోభావాలు దెబ్బతిని ఉంటే చింతిస్తున్నామని, సైనికులంటే తమకు అపారమైన గౌరవమని, తమ తాతగారు కూడా సైన్యంలో పనిచేశారని, మరోసారి తప్పక రావాలని ఉంది. మూడు ప్రశ్నల్లో దేనికీ సమాధానం లేదు. దానితోపాటు వెయ్యి రూపాయల కూపన్ పంపారు. సోమవారం నుంచి గురువారం వరకు మాత్రమే చెల్లుతుంది, సెప్టెంబరు ఆఖరుతో గడువు ముగుస్తుంది.

రేటింగు ఇవ్వవలసి ఉంది గనుక వంటకు నాలుగు, మిగిలినదంతా కలిపి ఒకటి ఇస్తున్నాను. పలాస కుర్రవాడి పేరు తప్పక రాయమని నాన్నగారు అన్నారు. రాస్తే వాడి ఉద్యోగానికి ఏమవుతుందోనని రాయలేదు. వచ్చేటప్పుడు ఆయన రెండు వందల నోటు వాడి జేబులో పెట్టి, భుజం తట్టారు.

పోయిన ఆదివారం నాయక్ బాబాయి ఫోన్ చేశారు. ఆ రోజు బిర్యానీ బాగుందన్నారు గదమ్మా, నేను రెండు ముద్దలు కూడా తినలేదు, ఆ కూపన్ ఏదో ఉందన్నావు, దానిమీద ఇంటికి పార్సిల్ తెప్పించుకోవచ్చునా అని అడిగారు. కూపన్ తీసి వెనక చిన్న అక్షరాల్లో రాసిన షరతులు చదివాను. అక్కడ కూర్చుని తినేవారికే చెల్లుతుందట.